వింత పజిల్ ఆట తయారీ – నాలుగో పాఠం: కలకూ ఒక కట్టుబాటు

మూడో పాఠంలోని అభ్యాసం చాలామందిని ఇబ్బంది పెట్టింది కనుక, ఈసారి చెప్పదలచిన శబ్దాల సంగతిని పక్కన పెట్టి మళ్ళీ ఆ అభ్యాసం దగ్గరికే వెళుతున్నాను. ముగింపు నుంచి వెనక్కి నడుస్తూ, ఏ పని జరగాలంటే అంతకు ముందు ఏది జరిగి ఉండాలో బాణాలతో గీయమన్నాను. గీతలు బాగానే వచ్చాయి. చిక్కంతా బాణం పక్కన రాయమన్న కారణం దగ్గర వచ్చింది. రాజోలు వైపు నుంచి అందిన ఒక పటంలో రేవులోని ఆవుకు అరటిపండు పెడితే అది పంటుగా, అంటే రేవు దాటించే వెడల్పాటి పడవగా, మారి మనల్ని అవతలి లంకకు దాటిస్తుంది. ఊహ నాకు ఎంతో నచ్చింది, కానీ బాణం పక్కన ‘ఇది కల కనుక’ అని మాత్రమే ఉంది. భీమవరం నుంచి వచ్చిన మరో పటంలో చేపల చెరువు గట్టున గొడుగు విప్పితే ఆకాశంలో తలుపు తెరుచుకుంటుంది, అక్కడా అదే కారణం.

‘కల కనుక’ అన్నది కారణం కాదు. ఈ ఒక్క విషయాన్ని విసుగు పుట్టేటంత వివరంగా చెబుతాను, ఎందుకంటే మంచి బొమ్మలు, మంచి ఊహ ఉన్న చిన్న ఆటలు ఎక్కువగా ఇక్కడే పాడవుతున్నాయి. కల మీది. ఆడేవారికి కనిపించేది ఒక చెరువు, ఒక గొడుగు, ఒక మూసిన తలుపు. గొడుగుకూ తలుపుకూ సంబంధం ఉందని వారికి మీరు ఎక్కడా చూపలేదు కనుక, చేతిలో ఉన్న ప్రతిదాన్నీ తెర మీది ప్రతిదాని మీదా వరుసగా ప్రయోగించడం తప్ప వారికి మరో దారి లేదు. అలా తలుపు తెరుచుకున్నా, తాము కనిపెట్టామన్న సంతోషం వారికి కలగదు. తెరుచుకోకపోతే ఎవరో పెట్టిన జవాబుల వీడియో చూస్తారు, ఆ తరువాత మీ ఆటలో ఏ చిక్కు ఎదురైనా ఆలోచించకుండా ఆ వీడియో వైపే చేయి చాపుతారు. రూపం ఎంత వింతగానైనా ఉండవచ్చు, కార్యకారణాల మధ్య ముడి మాత్రం నమ్మదగినదై ఉండాలి.

1999లో వచ్చిన గాబ్రియేల్ నైట్ 3 అన్న ఆటలో మోటార్ సైకిల్ అద్దెకు తీసుకోవడానికి స్నేహితుడి వేషం వేయాలి. అందుకోసం పిల్లి వెంట్రుకలతో మీసం తయారు చేయాలి. ఆ స్నేహితుడికి మీసమే లేదు కనుక అతడి పాస్‌పోర్టు ఫొటో మీద కూడా మీసం గీయాలి. అది కల కాదు, వాస్తవ ప్రపంచంలో జరిగే కథే, అయినా ఈ మెట్లను ముందుగా ఊహించే వీలు లేదు. 2017 నాటి గొరొగోవా అన్న ఆటలో జరిగేదంతా వింతే అయినా, నాలుగు గళ్ళలోని బొమ్మలను జరపడం, పక్కపక్కన చేర్చడం, ఒకదానిపై ఒకటి ఉంచడం అన్న పద్ధతి మొదటి నిమిషం నుంచి చివరి దాకా మారదు. 2003లో చెక్ కళాకారుడు యాకుబ్ ద్వోర్‌స్కీ చదువుకునే రోజుల్లో చేసిన సమొరోస్త్ అన్న ఆట మరో దారి పట్టింది: ఒక్కో తెర మీద తాకదగినవి కొద్దివే ఉంటాయి కనుక తప్పు ప్రయత్నాల వల్ల పెద్దగా పోయేదేమీ ఉండదు.

ఇక మనం కలిసి కడుతున్న లాకుల ఆటకు వద్దాం. కాలువ లాకు, అంటే ఎత్తు తేడా ఉన్న నీటి మధ్య పడవలను దాటించేందుకు రెండు చివరలా తలుపులున్న గది, ఎలా పనిచేస్తుందో డెల్టాలో పెరిగినవారికి వేరే చెప్పనక్కరలేదు. తలుపుకు రెండు వైపులా నీటిమట్టం సమానమయ్యేదాకా ఒత్తిడి వల్ల ఆ తలుపు తెరుచుకోదన్న ఒక్క సంగతి గుర్తుంచుకోండి. ఈ నిజమైన నియమానికి ఒకే ఒక్క వింతను కలుపుదాం: నీరు పెరిగితే ఆ ఒడ్డున కాలం వెనక్కి నడుస్తుంది, తగ్గితే ముందుకు నడుస్తుంది. రెండో వింతను కలపవద్దు.

మొదటి తెరలో నీటిని వదిలే తూము చక్రం, ఒడ్డున ఒక కొబ్బరిచెట్టు మాత్రమే ఉంటాయి. చక్రం తిప్పితే నీరు పెరిగి చెట్టు మొక్కవుతుంది, వెనక్కి తిప్పితే మళ్ళీ ఎదుగుతుంది. అక్కడ గెలవవలసినదీ ఓడవలసినదీ లేదు. రెండో తెరలో కాలువకు అడ్డంగా కూలిన చెట్టు పడవను ఆపుతుంది. నీరు పెంచితే చెట్టు కూలకముందటి రోజుకు వెళ్ళి నిలబడుతుంది. చివరి తెరలో తలుపుకు ఎగువ ఒడ్డున తాటాకిల్లు, లాకు గది ఒడ్డున డాబా కనిపిస్తాయి. నీటిమట్టం చూపే కొలబద్ద పెట్టవద్దు. గదిలో నీరు పెరుగుతుంటే డాబా పెంకుటిల్లవుతుంది, అప్పుడు తలుపు కాస్త కదిలి ఆగిపోతుంది. ఇంకా పెంచితే అదీ తాటాకిల్లవుతుంది, రెండు ఒడ్డులూ ఒకే కాలానికి చేరడంతో తలుపు తెరుచుకుంటుంది. అసలు నియమమూ వింత నియమమూ ఇక్కడ ఒకటవుతాయి.

వరుస విషయంలో మరొక మాట. మూసిన తలుపు ముందు కనిపించాలి, దాన్ని తెరిచే సాధనం తరువాత దొరకాలి. సమస్య ఎదురుకాకముందే జవాబు చేతికి వచ్చే పజిళ్ళను ఆటల రూపకర్త రాన్ గిల్బర్ట్ 1989లోనే ఒక వ్యాసంలో తప్పుపట్టాడు. నేనైతే వస్తువులు పోగుచేసే సంచినే పెట్టను. చేతిలో ఒక్క వస్తువు చాలు.

ఆవు పంటు కావడం తప్పేమీ కాదు, దాన్ని వదులుకోకండి. అంతకు ముందు కోడిపిల్ల అరటిపండు తిని కాగితప్పడవగా, మేక తిని దోనెగా మారడం చూపిస్తే, రేవులో ఆవు కనిపించగానే ఆడేవారే అరటిగెల కోసం వెతుకుతారు. గొడుగు పంపినవారు ఇదే పద్ధతిలో దిద్దుకోగలరు.

అభ్యాసం: మీ ఆటకు ఒకే వింత నియమాన్ని ‘ఇలా చేస్తే ఇలా అవుతుంది’ అని ఒక వాక్యంలో రాయండి. ఆ నియమంతో అయిదు తెరలు కాగితాల మీద గీయండి, ఏ తెర మీదా ఒక్క అక్షరం కూడా ఉండకూడదు. వీడియో ఆటలు అలవాటు లేని ఇద్దరి చేత విడివిడిగా ఆడించండి. వారు వేలు పెట్టిన చోటికి తగినట్లు మీరు కాగితం మార్చాలి, నోరు మాత్రం విప్పకూడదు. వారు చేసిన ప్రతి తప్పు ప్రయత్నాన్నీ రాసుకుని, ఆ ఒక్కొక్కదానికీ మీ ఆట ఏ కదలికతో బదులిస్తుందో కొత్త కాగితం మీద గీయండి. అయిదో పాఠంలో శబ్దాలను ఆ కాగితాల మీదే మొదలుపెడతాము కనుక, వాటిని పూర్తిచేయకుండా ముందుకు రావద్దు.