పఫ్ ఇంక్ వంతు ఆఖర్న

స్క్రీన్ ప్రింటింగ్‌లో నాలుగు రంగుల టీషర్ట్ డిజైన్‌కు ఒక రంగు ఉబ్బెత్తుగా రావాలంటే, వేడికి పొంగే పఫ్ ఇంక్‌ను అన్నిటికన్నా చివర వేయండి. ముందే వేస్తే, రంగుకూ రంగుకూ మధ్య ఆరబెట్టే ఫ్లాష్ వేడికి పొంగడం మొదలవుతుంది. తర్వాతి స్క్రీన్ సమంగా ఆనదు, అంచుల్లో రంగు అలుక్కుపోతుంది. మా దగ్గర ఒక డజను పిల్లల టీషర్టులు ఇలాగే పాడయ్యాయి, చాలా బాధేసింది.

పఫ్ ఇంక్‌కు 43టి (సెంటీమీటరుకు 43 దారాలు) లాంటి ముతక మెష్, అంటే స్క్రీన్ జాలి, కావాలి, ఇంక్ మందంగా దిగాలి కదా. పొంగినప్పుడు పక్కలకూ జరుగుతుంది కాబట్టి ఆర్ట్‌వర్క్‌లోనే పక్క రంగుకు సన్నని ఖాళీ వదలండి. ప్లాస్టిసాల్ (ప్లాస్టిక్ రకం ఇంక్) పఫ్‌కు క్యూరింగ్, అంటే ఇంక్ బట్టకు గట్టిగా పట్టేలా వేడి చేయడం, సుమారు 160 డిగ్రీల సెల్సియస్. డబ్బా మీద రాసింది ఒకసారి చూసుకోండి. వేడి మితిమీరితే పొంగిన పూరీ చల్లారినట్టు అణిగిపోతుంది. హీట్ ప్రెస్ వాడితే అదమకండి, పలకను టీషర్ట్‌కు తగలకుండా కాస్త పైనే ఆపండి.