డెబొనేర్: ఎవరిని అనొచ్చు, ఎవరిని అనకూడదు

పెళ్ళిలో కాఫీ అందిస్తున్న కుర్రాడు తడబడి ఓ పెద్దమనిషి చొక్కా మీద ఒలకబోశాడు. ఆయన నవ్వి, "చెయ్యి కాలలేదు కదా బాబూ?" అని అడిగి, జేబురుమాలుతో మరక అద్దుకుంటూ ఆగిన కబుర్లు మళ్ళీ అందుకున్నాడు. అలాంటివాణ్ణి ఇంగ్లీషులో డెబొనేర్ (debonair) అంటారు. మడత నలగకుండా పక్కన నిలబడి మాటిమాటికీ కాలర్ సర్దుకునే ఆయన డాపర్ మాత్రమే, అంటే మన సోగ్గాడు.

పాత ఫ్రెంచిలో "డె బోన్ ఏర్" అంటే మంచి పుట్టుక, మంచి నైజం గలవాడని. 13వ శతాబ్దంలో ఇంగ్లీషులోకి వచ్చినప్పుడు సాధువు, మర్యాదస్థుడు అనే అర్థంలోనే వాడారు. ఇప్పుడు దానికి ఠీవి, చలాకీతనం తోడయ్యాయి. అందుకే తెలుగులో ఒక్క మాటతో సరిపెట్టడం కష్టం: "దర్జా"లో మర్యాద ఉండకపోవచ్చు, "హుందా"లో ఆ తేలికదనం లేదు. అనువాదం చేసేటప్పుడు "ఠీవిగా, కలుపుగోలుగా" అని రెండు మాటలు వాడడమే మేలు.

పలికేటప్పుడు డె-బ-నేర్, ఊనిక చివరి అక్షరం మీద. మనవాళ్ళు స్పెల్లింగు చూసి "డెబోనైర్" అంటారు. చివరిది "హెయిర్"తో ప్రాస కలవాలి. రాసేటప్పుడు ఒక్క ఎన్ చాలు. చివర "ఈ" (e) అక్షరం చేర్చడం పాత పద్ధతి.

పాత హాలీవుడ్ నటుడు కేరీ గ్రాంట్ లాంటివాళ్ళకి ఈ మాట అతికినట్టు సరిపోతుంది. మనిషికే కాదు, నవ్వుకీ నడకకీ కూడా వాడొచ్చు: "ఎ డెబొనేర్ స్మైల్". ఆడవాళ్ళ గురించి వాడడం అరుదు. అక్కడ ఎలిగెంట్, పాయిజ్డ్ నప్పుతాయి. స్వావ్ (suave) అన్న మాట దీనికి దగ్గర చుట్టమే గానీ, తీయగా మాట్లాడి బుట్టలో వేస్తాడేమోనన్న అనుమానం దాని వెంటే ఉంటుంది.

పెళ్ళి ప్రకటనలో "డెబొనేర్ బాయ్" అని రాయకండి, నవ్వుతారు. ఇది ఎదుటివాళ్ళు అనాల్సిన మాట. ఉద్యోగానికి ఇచ్చే సిఫారసు లేఖలోనూ వద్దు. పని వదిలేసి వాలకం పొగిడినట్టుంటుంది, కాన్ఫిడెంట్ అంటే చాలు. పైగా ఇదే పేరుతో ఒకప్పుడు మనదేశంలో మగవాళ్ళ పత్రిక ఒకటి వచ్చేది, పెద్దవయసు వాళ్ళకి ముందు అదే గుర్తొస్తుంది!

క్రియా విశేషణంగా డెబొనేర్లీ ఉంది. డెబొనేర్‌నెస్ కూడా ఉంది గానీ నోరు తిరగదు, "డెబొనేర్ చార్మ్" అనేయండి.