రూట్ కెనాల్ చేసిన పన్నుకు బ్లీచింగ్: ముందుగా తెలుసుకోవాల్సినవి

పెళ్లి ముహూర్తాలు దగ్గరపడితే విజయవాడ డెంటల్ క్లినిక్‌లలో తరచూ వినపడే మాట ఒకటుంది: "డాక్టరుగారూ, ఈ ఒక్క ముందు పన్నే నల్లగా ఉంది, ఫొటోల్లో బాగుండదండీ." చిన్నప్పుడెప్పుడో కిందపడి దెబ్బ తగిలి, తర్వాత రూట్ కెనాల్ చేయించిన పన్ను అది. మరక లోపల ఉంటుంది కాబట్టి పైన ఎంత తోమినా పోదు. పన్ను వెనకవైపు తెరిచి, లోపల మందు పెట్టి మూసేసి, వారం రోజులకు మళ్లీ చూస్తారు. పన్ను అరగదీసి క్యాప్ వేయడం కన్నా ఇదే మేలని నా అభిప్రాయం. అయితే ఆ మందుతో ఆటలాడకూడదు.

సాధారణంగా వాడేది సోడియం పెర్బొరేట్ పొడి. దాన్ని కొందరు నీళ్లతో కలుపుతారు, కొందరు 30-35 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో కలుపుతారు. గాయాలు కడిగే సీసాలో ఉండేది 3 నుంచి 6 శాతమే. ఇంత ఘాటుది చిగురుకు తగిలితే అక్కడ తెల్లగా పాలిపోయి మండుతుంది. అందుకే రబ్బర్ డ్యామ్ (చిగురుకు మందు తగలకుండా పన్ను చుట్టూ బిగించే రబ్బరు పొర) లేకుండా మొదలుపెడితే ఆపమని అడగండి. నీళ్లతో కలిపినా మరక పోతుంది, కాస్త ఆలస్యమవుతుందంతే.

అసలు భయం కంటికి కనబడనిది. ఘాటైన పెరాక్సైడ్ పన్ను లోపలి సన్నని గొట్టాల గుండా చిగురు కింద వేరు దాకా పాకుతుంది. అక్కడ వాపు మొదలై, వేరు బయటినుంచి కరగడం ఆరంభిస్తుంది. 1979లోనే దీని మీద వైద్య పత్రికలో వ్యాసం వచ్చింది. దెబ్బ తగిలిన పళ్లకు, మందును వేడిచేసి వాడినచోట ప్రమాదం ఎక్కువ. పన్నులో నరం ఉండదు కాబట్టి నొప్పి పుట్టి హెచ్చరించదు. దీనికి ముఖ్యమైన అడ్డుకట్ట: బ్లీచింగ్‌కు ముందు రూట్ కెనాల్ ఫిల్లింగ్ పైన కనీసం 2 మిల్లీమీటర్ల మందంగా గ్లాస్ అయానమర్ సిమెంట్ పొర. "సిమెంట్ పొర వేస్తున్నారా, వేడి వాడుతున్నారా?" అని మొహమాటం లేకుండా అడగండి.

క్లినిక్ సిబ్బందికి ఒక మాట. మన ఎండలకు 40 డిగ్రీలు దాటిన గదిలో ఘాటైన పెరాక్సైడ్ సీసా పెట్టకండి. పెరాక్సైడ్ విడిపోయి ఆక్సిజన్ పుడుతుంది, బిగుతు మూతైతే సీసా పగలొచ్చు. కంపెనీ సీసాలోనే, గాలి వదిలే మూతతోనే ఫ్రిజ్‌లో ఉంచాలి. మిగిలింది తిరిగి సీసాలో పోయకూడదు. గ్లవ్స్, కళ్లద్దాలు తప్పనిసరి. కంట్లో పడితే 15 నిమిషాలు ధారగా నీళ్లతో కడిగి, వెంటనే కంటి డాక్టరు దగ్గరికి పరుగెత్తాలి. తడిసిన దూదిని నీళ్లతో కడిగే పారేయాలి.

గర్భిణులు ప్రసవం అయ్యేదాకా వాయిదా వేసుకోవడం మంచిది. యూరప్‌లో సోడియం పెర్బొరేట్‌ను పునరుత్పత్తికి హాని చేసే పదార్థాల జాబితాలో చేర్చి, సౌందర్య సాధనాల్లో నిషేధించారు.

మధ్యలో తాత్కాలిక ఫిల్లింగ్ ఊడిపోతే మింగకుండా పుక్కిలించి, ఆ రోజే క్లినిక్‌కు వెళ్లండి. రంగు కుదిరాక శాశ్వత ఫిల్లింగ్‌కు ఒకటి రెండు వారాలు ఆగాలి, లేకపోతే లోపల మిగిలిన ఆక్సిజన్ వల్ల అది గట్టిగా అతుక్కోదు. అందుకే ముహూర్తానికి నెలన్నర ముందే మొదలుపెట్టండి.

మొదలుపెట్టే ముందు ఒక ఎక్స్‌రే, తర్వాత ఏడాదికోసారి ఒకటి తీయించండి. పాతది పారేయకుండా దాచుకోండి. రెండూ పక్కపక్కన పెడితే, చిగురు దగ్గర వేరు ఎంత తరిగిందీ డాక్టరుకు తెలుస్తుంది.