బయ్యర్‌కి మెయిల్ రాసేటప్పుడు విల్, షుడ్, మస్ట్, మే: ఏది ఎక్కడ వాడాలి

మా చీమకుర్తి గ్రానైట్ ఎగుమతి ఆఫీసుల్లో డాక్యుమెంటేషన్ పనికి చేరే పిల్లలు దర్శి, పొదిలి, సంతనూతలపాడు వైపు నుంచి డిగ్రీ చేసి వస్తారు. ఇన్‌వాయిస్, ప్యాకింగ్ లిస్టు పొల్లు పోకుండా తయారుచేస్తారు. బయ్యర్‌కి సొంతంగా రెండు లైన్లు రాయమంటేనే తడబడతారు. ఆ తడబాటు ఎక్కువగా తొమ్మిది చిన్న మాటల దగ్గరే: కెన్, కుడ్, మే, మైట్, షల్, షుడ్, విల్, వుడ్, మస్ట్. గ్రామర్‌లో వీటిని మోడల్ వెర్బ్స్ అంటారు. మా సెక్షన్లో కొత్తవాళ్ళకి పని నేర్పేది నేనే కాబట్టి వాళ్ళకి చెప్పేదే ఇక్కడ రాస్తున్నాను. మీరు గ్రానైట్‌లో కాకుండా రొయ్యల ఎగుమతిలో ఉన్నా, బ్యాంకులో ఉన్నా ఇదే పద్ధతి పనికొస్తుంది.

కెన్ అంటే సామర్థ్యం, మే అంటే అనుమతి, మస్ట్ అంటే తప్పనిసరి అని బళ్ళో పట్టిక రాయిస్తారు. అందులో తప్పేమీ లేదు. అయితే ఎదురుగా మెయిల్ తెరిచి ఉన్నప్పుడు ఆ పట్టిక అక్కరకు రాదు. దాని బదులు మిమ్మల్ని మీరు ఒక్క ప్రశ్న వేసుకోండి: ఈ మాటకి నేను ఎంతవరకు పూచీ?

సరుకు ఎప్పుడు చేరుద్దని బయ్యర్ అడిగాడనుకోండి. "ది కంటైనర్ విల్ రీచ్ చెన్నై పోర్ట్ బై మండే" అని రాస్తే, సోమవారానికి చేరుద్ది, పూచీ మాది అని అర్థం. "షుడ్ రీచ్" అంటే మా లెక్క ప్రకారం చేరాలి, దారిలో ఏదన్నా అయితే తప్ప. "మే రీచ్" అంటే చేరొచ్చు, చేరకపోనూవచ్చు. "మైట్" అంటే ఇంకాస్త అనుమానం. అవతలి మనిషి ఈ ఒక్క మాటను చూసే గోడౌన్లో క్రేన్‌నీ కూలీల్నీ సిద్ధం చేసుకుంటాడు. అందుకే నా నియమం ఇది: లారీ మన గేటు దాటకముందు విల్ రాయొద్దు, షుడ్ రాయండి. స్లాబులు ఇంకా పాలిష్ లైన్ మీదే ఉంటే మే రాసి, ఎందుకు ఆలస్యమో పక్కనే ఒక లైనులో చెప్పండి. ఊరికే మే అని వదిలేస్తే బయ్యర్‌కి భయమే మిగులుతుంది.

వాక్యం కట్టే తీరు తేలికే. మోడల్ తర్వాత క్రియ మామూలు రూపంలోనే ఉంటుంది. "హి కెన్ లోడ్" అనాలి గానీ "హి కెన్ లోడ్స్" అనకూడదు. మధ్యలో "టు" రాదు కాబట్టి "మస్ట్ టు సెండ్" తప్పు. రెండు మోడల్స్ పక్కపక్కన కూర్చోవు. "విల్ కెన్" అనిపించిన చోట "విల్ బి ఏబుల్ టు", "మే మస్ట్" అనిపించిన చోట "మే హావ్ టు" వస్తాయి. మన జిల్లా మొత్తంలో ఎక్కువగా వినపడే తప్పు "కెన్ ఏబుల్ టు". కెన్ అన్నా ఏబుల్ అన్నా ఒకటే, ఏదో ఒకటి చాలు.

ఇక అసలు కష్టమంతా మన "ఆలి"తోనే. పంపాలి, చూడాలి, కట్టాలి అని ఒకే ప్రత్యయంతో మనం ఆజ్ఞా ఇస్తాం, సలహా ఇస్తాం, రూలూ చెబుతాం. మాట కటువుగా ఉందా మెత్తగా ఉందా అన్నది గొంతులోనూ, చివర చేర్చే "అండీ"లోనూ తెలుస్తుంది. మెయిల్లో గొంతు వినపడదు, ఇంగ్లీషులో అండీ లేదు. ఆ పని కూడా మోడలే చేయాలి.

మొన్నొక పిల్లవాడు అడ్వాన్స్ గురించి రాసి తెచ్చాడు: "యు మస్ట్ సెండ్ ది అడ్వాన్స్ బై ఫ్రైడే."

"అక్కా, శుక్రవారంలోపు పంపాలి అనేగా?" అన్నాడు.

"నువ్వు అనుకున్నది అదే తమ్ముడూ. ఆయన చదివేది మాత్రం, పంపి తీరాల్సిందే, లేకపోతే చూడు, అన్నట్టు" అన్నాను.

ఇద్దరం కూర్చుని దాన్ని మార్చాం. "యు షుడ్ సెండ్" అంటే మెత్తబడింది, కానీ పెద్దవాళ్ళు బుద్ధి చెప్పినట్టు ఉంది. డబ్బు అడిగే చోట అదీ నప్పదు. "కెన్ యు సెండ్" అంటే బాగా పరిచయం ఉన్న మనిషికి సరిపోతుంది. చివరికి "కుడ్ యు ప్లీజ్ సెండ్ ది అడ్వాన్స్ బై ఫ్రైడే, సో దట్ వి కెన్ స్టార్ట్ కటింగ్ ఆన్ మండే?" దగ్గర ఆగాం. ఇక్కడ కుడ్ ఉన్నంతమాత్రాన భూతకాలం కాదు, మన "పంపగలరా అండీ"లో ఉన్న మర్యాద అది. రెండో సగంలో కెన్ నిఖార్సయిన సామర్థ్యం: డబ్బు వస్తే సోమవారం కోత మొదలుపెట్టగలం. ఒకే వాక్యంలో మర్యాదా ఉంది, కారణమూ ఉంది, గడువూ పోలేదు.

మరి మస్ట్ ఎక్కడ వాడాలి? తప్పితే నష్టం జరిగే చోట, మన వాళ్ళకే రాసే సూచనల్లో. "క్రేట్స్ మస్ట్ బి కెప్ట్ డ్రై" లాంటివి. రూలు బయటి నుంచి వచ్చిందని చెప్పాలంటే "హావ్ టు" మేలు. స్లాబులు పెట్టే చెక్క క్రేట్లనే తీసుకోండి. చెక్కలో పురుగు దేశం దాటకుండా ఐఎస్‌పీఎం 15 అనే అంతర్జాతీయ ప్రమాణం ఉంది. వేడితో శుద్ధి చేసే పద్ధతిలో చెక్క లోపలి భాగం దాకా కనీసం 56 డిగ్రీల వేడి 30 నిమిషాల పాటు ఆగకుండా తగలాలి, ఆ తర్వాత ముద్ర వేయాలి. దీని గురించి బయ్యర్‌కి "వి హావ్ టు ట్రీట్ ది క్రేట్స్, సో వి నీడ్ టూ మోర్ డేస్" అని రాస్తే, ఆ రెండు రోజులు మన బద్ధకం వల్ల కాదు, రూలు వల్లేనని అర్థమవుతుంది.

"లేదు" అని చెప్పేటప్పుడు ఇంకా జాగ్రత్త కావాలి. మస్ట్, హావ్ టు రెండూ "ఆలి"కి దగ్గరే గానీ, నాట్ చేరగానే ఎడమొహం పెడమొహం అయిపోతాయి. "మస్ట్ నాట్" అంటే చేయకూడదు. "డోంట్ హావ్ టు" అంటే చేయనక్కర్లేదు. తెలుగులో ఈ రెండిటినీ మనం ఎప్పుడూ కలగలపం, ఇంగ్లీషుకి వచ్చేసరికే కలిపేస్తాం. గోడకి అతికించే పలకల ఆర్డర్ వచ్చిందనుకోండి. "యు డోంట్ హావ్ టు పాలిష్ ది బ్యాక్" అని బయ్యర్ రాస్తే వెనకవైపు పాలిష్ అక్కర్లేదు, పొరపాటున చేసినా ఆయన గొడవ పెట్టుకోడు. "యు మస్ట్ నాట్ పాలిష్ ది బ్యాక్" అని రాస్తే చేయనే కూడదు, ఎందుకంటే వెనకవైపు గరుగ్గా ఉంటేనే జిగురు పట్టుకుంటుంది. ఈ రెండో వాక్యాన్ని మొదటిదానిలా చదివి ఫ్యాక్టరీకి చెబితే ఆ లాటు మొత్తం తిరిగొస్తుంది. మెయిల్లో ఈ రెండిట్లో ఏది కనపడినా కూడదా, అక్కర్లేదా అని తెలుగులోనే మార్జిన్లో రాసుకోమంటాను. మా పిల్లలు అట్టాగే చేస్తారు.

ఊహించి చెప్పడానికీ మోడల్సే కావాలి. నల్లటి స్లాబు మీద నీళ్ళు చల్లి తుడిచినప్పుడు ఒక్కచోట మాత్రం సన్నటి తడిగీత ఆరకుండా నిలిచింది. "దేర్ మస్ట్ బి ఎ హెయిర్‌లైన్ క్రాక్": పగులు ఉండి ఉంటుంది, నాకు దాదాపు ఖాయం. "దేర్ మే బి": ఉండొచ్చు. బాగా వెతికినా ఏమీ దొరకలేదు, గీత కూడా ఆరిపోయింది. అప్పుడు "ఇట్ కాంట్ బి ఎ క్రాక్": పగులు అయ్యుండదు. ఇక్కడ "మస్ట్ నాట్ బి" రాయకండి. ఊహ చెప్పే మస్ట్‌కి ఎదురుమాట కాంట్.

జరిగిపోయిన దానికి "హావ్" చేర్చి మూడో రూపం వాడతాం. సరుకు పాడైందని బయ్యర్ నష్టం అడిగే క్లెయిములు వచ్చినప్పుడు ఇవి ప్రాణంతో సమానం. "ది స్లాబ్ మస్ట్ హావ్ బ్రోకెన్ ఇన్ ట్రాన్సిట్" అంటే దారిలో పగిలి ఉంటుంది. "మే హావ్ బ్రోకెన్" అంటే పగిలి ఉండొచ్చు. "వి షుడ్ హావ్ ప్యాక్డ్ ఇట్ బెటర్" అంటే ఇంకా బాగా ప్యాక్ చేయాల్సింది, చేయలేదు. ఇది తప్పు ఒప్పుకోవడం. దర్యాప్తు పూర్తికాకుండా, యజమానికి చూపించకుండా బయ్యర్‌కి షుడ్ హావ్ రాయకండి. ఆ ఒక్క లైను చూపించే ఆయన డబ్బు తగ్గించమంటాడు. ఫోటోలు చూసేదాకా "మే హావ్" దగ్గరే ఉండండి.

కుడ్ దగ్గర ఒక మెలిక ఉంది. నిన్న ఒకసారి సాధించిన పనికి కుడ్ నప్పదు. "వి వర్ ఏబుల్ టు లోడ్ ది కంటైనర్ ఎస్టర్డే" అనాలి. చేయలేకపోతే మాత్రం "వి కుడ్ నాట్ లోడ్" అని నిక్షేపంగా రాయొచ్చు.

వుడ్‌ని మనవాళ్ళు మర్యాద అనుకుని ఎక్కడపడితే అక్కడ పెడతారు. బిల్ ఆఫ్ లేడింగ్, అంటే సరుకు ఓడకెక్కినట్టు ఓడ కంపెనీ ఇచ్చే కాగితం, దాని గురించి "ఐ వుడ్ బి సెండింగ్ ది బిల్ ఆఫ్ లేడింగ్ టుమారో" అని రాస్తే, పంపేదే గానీ, అన్న అర్థం లోపల వినపడుతుంది. ఏం అడ్డొచ్చిందోనని బయ్యర్ తిరిగి అడుగుతాడు. రేపు ఖాయంగా పంపేదుంటే "ఐ విల్ సెండ్" అనండి, అందులో అమర్యాద ఏమీ లేదు. "వుడ్ యు కన్ఫర్మ్ ది సైజెస్?" అని అడిగేటప్పుడూ, "ఇఫ్ యు టుక్ టూ కంటైనర్స్, ది ఫ్రైట్ వుడ్ బి లోయర్" అని అయితే-గియితే మాటలు చెప్పేటప్పుడూ వుడ్ తన చోట తానుంటుంది.

షల్ మెయిళ్ళలో మీకు పెద్దగా అవసరం రాదు, కాంట్రాక్టులు చదవడానికి కావాలి. మన రాజ్యాంగమే మంచి ఉదాహరణ. 52వ అధికరణం "దేర్ షల్ బి ఎ ప్రెసిడెంట్ ఆఫ్ ఇండియా" అంటుంది: రాష్ట్రపతి ఉండి తీరాలి. 3వ అధికరణం "పార్లమెంట్ మే బై లా" కొత్త రాష్ట్రాన్ని ఏర్పాటు చేయొచ్చంటుంది: అధికారం ఉంది, చేయడం చేయకపోవడం పార్లమెంటు ఇష్టం. 2014లో రాష్ట్రం విడిపోయింది ఆ మే కిందనే. బయ్యర్ పంపిన కాంట్రాక్టులో "ది సెల్లర్ షల్" అని ఎక్కడెక్కడ ఉందో ముందు పెన్సిల్‌తో గీత కొట్టుకోండి. అవన్నీ మన నెత్తిన ఉన్న బాధ్యతలు. "ది బయ్యర్ మే" అని ఉన్నవి ఆయనకున్న వెసులుబాట్లు. సంతకం పెట్టేముందు యజమానికి ఆ గీతలు చూపిస్తే చాలు, పది పేజీలు చదివి వినిపించక్కర్లేదు.

ఫోన్లో మాట్లాడేటప్పుడు పలకడం గురించి ఒక మాట. కుడ్, వుడ్, షుడ్‌లలో రాతలో ఉన్న లకారం నోట్లో పలకదు. ఇంగ్లీషువాళ్ళు మామూలుగా మాట్లాడేటప్పుడు కెన్‌ని "కన్" అని తేల్చేస్తారు, కాంట్‌ని మాత్రం నొక్కి పలుకుతారు. లైను సరిగా లేనప్పుడు చివరి టకారం ఎగిరిపోయి, కుదరదు అన్నది కుదురుతుంది అన్నట్టు వినపడే ప్రమాదం ఉంది. కాబట్టి లేదని చెప్పాల్సి వస్తే "వి కెనాట్ షిప్ దిస్ వీక్" అని విడివిడిగా, పూర్తిగా పలకండి. ఫోన్ పెట్టేసిన వెంటనే అదే మాటని మెయిల్లో కూడా పెట్టండి.