టీకా వేసినా కొక్కెర తెగులు వచ్చిందా? ముందు నీళ్లు చూడండి, తర్వాత బర్సా చూడండి

చలికాలం మొదలైతే చాలు, వారానికి ఒక్క ఫోన్ అయినా వస్తుంది. చీపురుపల్లి నుంచి చేసినా టెక్కలి నుంచి చేసినా మాట ఒకటే. "లసోటా రెండుసార్లు పట్టాం, అయినా ఆరో వారానికి కోళ్లు మెడలు తిప్పేస్తన్నాయి, పచ్చగా రెట్ట వేస్తన్నాయి, మందు నకిలీదేటండీ?" లసోటా అంటే కొక్కెర తెగులు (రాణికేత్) రాకుండా నీళ్లలో పట్టే టీకా. నకిలీ మందు నేను చూసింది చాలా తక్కువ. కోడి నోటికి చేరకముందే మందుని మనమే చంపేయడం ఎక్కువ. చేరినా అందుకునే శక్తి కోడిలో లేకపోవడం రెండోది. సీసా ఐస్‌లో తేవడం, గడువు తేదీ చూడడం మీకు తెలుసనే అనుకుని రాస్తున్నా.

ఒక్క మాట ముందే. ఒకటి రెండు రోజుల్లో గుట్టలుగా చచ్చిపోతుంటే కత్తి పట్టుకోవద్దు, కోయొద్దు. బర్డ్ ఫ్లూ కూడా ఇలాగే కనిపిస్తుంది. పశువుల డాక్టరుకి చెప్పండి.

నీళ్లు

లసోటా బతికున్న వైరస్, క్లోరిన్ తగిలితే చస్తుంది. ఈ సంగతి తెలియనివాళ్లు లేరు, అయినా అడిగితే "మాది బోరు నీళ్లే కదా" అంటారు. బోరు నీళ్లే, కాదనను. మొన్న ట్యాంకులో శానిటైజర్ వేసింది ఎవరు? నిపుల్ లైన్ (కోళ్లు నీళ్లు తాగే గొట్టం) దేంతో కడిగారు, కడిగాక ఆ నీళ్లు పూర్తిగా వదిలేశారా? తిత్లీ లాంటి తుఫాను వచ్చి వెళ్లాక బావుల్లో బ్లీచింగ్ చల్లుతారు. మనుషులకి అది మంచిదే, మన టీకాకి మాత్రం విషం.

టీకాకి రెండు రోజుల ముందే నీళ్లలో అన్ని మందులూ ఆపండి. లీటరుకి రెండు, రెండున్నర గ్రాముల వెన్న తీసిన పాలపొడి కలిపి అరగంట ఉంచి, ఆ తర్వాతే టీకా కలపండి. అంతకు ముందు గంట, గంటన్నర కోళ్లకి నీళ్లు ఆపాలి, ఎండాకాలం అయితే ఇంకా తక్కువ. కలిపిన నీళ్లు రెండు గంటల్లో అయిపోవాలి. నీలం రంగు బిళ్ల కూడా వేయండి, ఖర్చుకి చూసుకోకండి. తాగాక షెడ్ మూలల్లో ఉన్నవాటిని ఓ ఇరవై పట్టుకుని నోరు తెరిచి చూడండి. నాలుక నీలంగా ఉంటే తాగినట్టు. ఇరవైలో ఆరేడింటికి నాలుక మామూలుగా ఉంటే ఆ షెడ్‌లో మూడో వంతు కోళ్లకి టీకా పడలేదని లెక్క. ఈ పని చేసేవాళ్లు పదిమందిలో ఒకరు కూడా ఉండరు, ఫోన్లు మాత్రం పదిమందీ చేస్తారు.

సూదితో పోయేదానికి నోటి దారెందుకు అంటారు. కోడికి మనకున్నట్టు లింఫ్ గ్రంథులు ఉండవు. రోగాన్ని పసిగట్టే కణాలు గొంతులో, కంటి వెనక, పేగు గోడల్లో, పేగు చివర రెండు గుడ్డి పేగులు కలిసే చోట గుంపులుగా ఉంటాయి. బతికున్న టీకా ఈ పొరల మీద పెరిగితే అక్కడికక్కడే ఐజీఏ అనే యాంటీబాడీ ఊరుతుంది, వచ్చిన వైరస్‌ని గడప దగ్గరే పట్టుకుంటుంది. చచ్చిన టీకా ఒక్కటే సూదితో వేస్తే రక్తంలో యాంటీబాడీలు బాగా పెరుగుతాయి గానీ ఈ పొరల్లో ఐజీఏ అంతగా ఊరదు. అందుకే రక్త పరీక్ష రిపోర్టు బాగున్నా కోడి వైరస్‌ని రెట్టలో వదులుతూ పక్కవాటికి అంటించగలదు. నోటి టీకా, సూది టీకా దేని పని దానిది.

నన్ను ముంచింది

నీళ్లు బాగున్నాయి, నాలుకలు నీలంగా ఉన్నాయి, అయినా తెగులు వచ్చింది. నా షెడ్‌లోనే వచ్చింది. రెండు చోట్ల నుంచి తెచ్చిన పిల్లల్ని ఒకే బ్రూడర్ (పిల్లలకి వెచ్చదనం ఇచ్చేది) కింద కలిపేశా, గంబోరో (పిల్లల రోగనిరోధక శక్తిని దెబ్బతీసే వైరస్ జబ్బు) టీకా క్యాలెండర్ చూసి పద్నాలుగో రోజు పట్టేశా. ఒక్క పిల్ల చావలేదు, రెట్ట కూడా బాగానే ఉంది. కాకపోతే సైజులు కాస్త ఎగుడుదిగుడుగా ఉన్నాయి, మేత తక్కువైందేమో అనుకున్నా. అయిదో వారం దాటగానే కొక్కెర తెగులు పట్టుకుంది.

చచ్చినదాన్ని కోసి రెట్ట వేసే ద్వారానికి పైన, వెన్ను వైపు వేలు పెట్టి బర్సా (కోడికి రోగనిరోధక శక్తినిచ్చే చిన్న సంచి) వెతికితే నాకు ముందు దొరకనే లేదు. నాలుగైదు వారాల పిల్లలో అది కందనకాయ పక్కన ఉండే ప్లీహం కంటే పెద్దగా, రేగుపండంత ఉండాలి. నా చేతికి వచ్చింది శనగగింజంత. అప్పటికే పని అయిపోయింది.

గంబోరో వైరస్ తినేది బర్సానే. యాంటీబాడీలు చేసే కణాల్ని మనం బి కణాలు అంటామే, ఆ బి ఈ బర్సాదే. 1956లో గ్లిక్ అనే ఆయన కోడిపిల్లల్లో బర్సా తీసేస్తే యాంటీబాడీలు సరిగా రావని చూపించాడు. ఇక్కడ తయారైన కణాలే వెళ్లి పేగు గోడల్లో చేరి ఐజీఏ చేస్తాయి. మూడు వారాల లోపు గంబోరో తగిలితే పిల్ల పైకి ఆరోగ్యంగానే కనిపిస్తుంది, లోపల మాత్రం బర్సా ఖాళీ అయిపోతుంది. ఆ తర్వాత ఎంత మంచి లసోటా పట్టినా అందుకోవడానికి అక్కడ ఏమీ ఉండదు.

మరి టీకా వేశాను కదా? తల్లి నుంచి పచ్చసొన ద్వారా పిల్లకి యాంటీబాడీలు వస్తాయి. ఎక్కువ ఉన్న పిల్లల్లో అవే నా టీకాని చంపేశాయి. తక్కువ ఉన్న పిల్లల్ని పద్నాలుగో రోజుకి ముందే పాత ఊకలో ఉన్న వైరస్ పట్టేసింది. రెండు రకాల పిల్లలకీ సరిపడే రోజు ఒకటి ఉండదు. ఈ వైరస్‌కి పైన కొవ్వు పొర లేదు కాబట్టి షెడ్ కడిగే మామూలు మందులకి లొంగదు, ఖాళీ షెడ్‌లో కూడా నెలల తరబడి ఉంటుంది, ఊకలో తిరిగే నల్ల పురుగుల్లో కూడా దాక్కుంటుంది.

కాబట్టి పిల్లల్ని కలపకండి. మొదటి వారంలోనే ఓ పదిహేను ఇరవై పిల్లల రక్తం ఎలీసాకి (యాంటీబాడీలు ఎన్ని ఉన్నాయో కొలిచే పరీక్ష) పంపితే టీకా ఏ రోజు వేయాలో డాక్టరు లెక్క కట్టి చెబుతారు. గరివిడిలో వెటర్నరీ కాలేజీ ఉంది, అడగడానికి మొహమాటమెందుకు? పరీక్ష కుదరకపోతే పద్నాలుగో రోజున ఒకటి, వారం పది రోజులకి ఇంకొకటి, రెండు డోసులు వేయండి. ఘాటు రకం టీకా మాత్రం ఎవరో చెప్పారని సొంతంగా పట్టకండి, అది కూడా బర్సాని కొంత దెబ్బతీస్తుంది. బ్యాచ్ అయిపోయాక పాత ఊక షెడ్‌కి దూరంగా పారేసి, గోడలు సబ్బునీళ్లతో రుద్ది కడిగి, ఫార్మలిన్ అనే క్రిములు చంపే మందు కొట్టి, కనీసం రెండు వారాలు ఖాళీగా వదలండి. ఫార్మలిన్ కొట్టేటప్పుడు ముక్కుకీ కళ్లకీ రక్షణ పెట్టుకోండి, నాకైతే ఓసారి రెండు రోజులు కళ్లు మండాయి.

మిగతావి

వానలో తడిసి బూజు పట్టిన మొక్కజొన్న పెట్టి ఉంటే అఫ్లాటాక్సిన్ అనే బూజు విషం కూడా కోడి శక్తిని తగ్గిస్తుంది, ఆ మేత ఆపేయండి. రెట్టలో రక్తం ఉంటే కాక్సీ (పేగుల్లో పరాన్నజీవి జబ్బు), ముందు దానికి మందు వేసి, తగ్గాక టీకా. వైరస్ జాతి మారిపోయింది, టీకా పాతబడిపోయింది అని వాదించేవాళ్లూ ఉన్నారు, అలా జరగదని నేను అనను. కానీ అలా వాదించినవాళ్లలో నీలం నాలుక ఫోటో పంపినవాడు ఇంతవరకు నాకు తగల్లేదు.