కెనడా రెసిడెన్షియల్ స్కూల్ బాధితులు ఇప్పుడు పరిహారం ఎలా అడగాలి?

మా పక్కింటి పెద్దావిడ క్రీ అనే కెనడా ఆదివాసీ జాతి మనిషి. ఒకరోజు పరిహారం ఫారం పట్టుకొచ్చి, కాస్త నింపిపెట్టమన్నారు. విన్నిపెగ్‌లో ఇన్నేళ్లుగా ఉంటున్నా అప్పటిదాకా రెసిడెన్షియల్ స్కూళ్ల సంగతి, అంటే ఆదివాసీ పిల్లల్ని ఇళ్లనుంచి తీసుకెళ్లి పెట్టిన హాస్టల్ బడుల సంగతి, నాకు వార్తల్లో చూసినంతే తెలుసు. కెనడాలో ఉన్న తెలుగువాళ్లకి, ముఖ్యంగా నర్సులకీ టీచర్లకీ, ఇలాంటి సాయం చేయాల్సి రావచ్చు. అందుకే రాస్తున్నాను.

ముందే చెప్పాల్సిన మాట: రెసిడెన్షియల్ స్కూళ్ల పెద్ద సెటిల్మెంట్ (పరిహారం ఒప్పందం) గడువు ఎప్పుడో అయిపోయింది. 2007లో మొదలైన ఆ పథకంలో స్కూల్లో ఉన్న మొదటి ఏడాదికి 10,000 డాలర్లు, ఆపై ప్రతి ఏడాదికి 3,000 ఇచ్చారు. దాని గడువు 2011 సెప్టెంబర్ 19. లైంగిక, తీవ్రమైన శారీరక హింస కేసులకి విడిగా విచారణ ఉండేది, దాని గడువు 2012 సెప్టెంబర్ 19. అయినా హాస్టల్లో కాకుండా వేరేవాళ్ల ఇళ్లలో ఉంచి చదివించినవాళ్లకి ఒక దారి ఇంకా మిగిలే ఉంది.

1. రాత్రి ఎక్కడ పడుకునేవారో అడగండి

స్కూలు పేరు కన్నా ముందు అడగాల్సింది ఇదే. స్కూలు హాస్టల్లోనే పడుకుంటే అది రెసిడెన్షియల్ స్కూల్, పైన చెప్పిన అయిపోయిన గడువులు దానివే. సాయంత్రానికి సొంతింటికి వచ్చేస్తే ఇండియన్ డే స్కూల్ (ఇక్కడ ఇండియన్ అంటే మనం కాదు, కెనడా ఆదివాసీలు), దాని దరఖాస్తులు 2023 జనవరి 13తో ఆగిపోయాయి. ఊరుకాని ఊళ్లో, ముక్కూమొహం తెలియని వాళ్లింట్లో ఉంచి ప్రభుత్వం చదివించిందంటే అది బోర్డింగ్ హోమ్. 1951 సెప్టెంబర్ నుంచి 1992 జూన్ వరకు అలా ఉంచిన పిల్లల కోసం చేసిన సెటిల్మెంట్ ఇప్పుడు నడుస్తోంది. గడువు 2027 ఫిబ్రవరి 22.

మా పెద్దావిడ "హాస్టల్ కాదు, ఎవరో దొరసాని ఇల్లు" అన్నారు. దాంతో ఏ ఫారం కావాలో తేలిపోయింది.

2. పేర్లన్నీ రాయండి

క్రీ పేరు, స్కూల్లో పెట్టిన ఇంగ్లిష్ పేరు, పెళ్లయ్యాక మారిన ఇంటిపేరు, పాత రిజిస్టర్లో టీచరు తప్పుగా రాసిన స్పెల్లింగ్, అన్నీ కావాలి. మన ఇంటిపేర్లు పాస్‌పోర్టులో ఒకలా, డిగ్రీలో ఒకలా పడి ఎంత టెన్షన్ పెడతాయో మనకి తెలియంది కాదు. రికార్డుల కోసం లైబ్రరీ అండ్ ఆర్కైవ్స్ కెనడాకి రాయండి. కాగితం దొరకలేదని ఆగిపోవద్దు. 1936 నుంచి 1944 మధ్యనే ఇండియన్ వ్యవహారాల శాఖ 2 లక్షల ఫైళ్లు నాశనం చేసింది. కాగితం లేకపోవడం ఆ పిల్లల తప్పు కాదు.

3. ఏ కేటగిరీయో తొందరపడి తేల్చకండి

అలా ఒకరింట్లో ఉంచినందుకు ఇచ్చేది 10,000 డాలర్లు. అక్కడ జరిగిన హింసకి, దాని తీవ్రతని బట్టి 10,000 నుంచి 2,00,000 వరకు. డే స్కూల్ సెటిల్మెంట్‌లో చాలామంది అప్పటికి చెప్పుకోలేక తక్కువ పరిహారం వచ్చే కింది లెవల్ టిక్ పెట్టేశారు. తర్వాత మార్చుకుంటామని కోర్టుకెళ్తే కుదరదన్నారు. నాకైతే ఈ నియమం అన్యాయంగానే అనిపిస్తుంది. యాభై ఏళ్లు నోరు విప్పని మనిషిని ఒక్క ఫారంతో చెప్పేయమంటే ఎలా?

హింస గురించిన ప్రశ్న దగ్గరికొచ్చేసరికి ఆవిడ పెన్ను కింద పెట్టి, సింకులో కప్పులు కడగడం మొదలుపెట్టారు. కడిగినవే మళ్లీ కడిగారు. నేను ఫారం మూసేశాను. వారం తర్వాత ఆవిడే తెరిచారు.

అలాంటప్పుడు రెసిడెన్షియల్ స్కూల్ బాధితుల క్రైసిస్ లైన్ 1-866-925-4419 నంబరుకి ఫోన్ చేయవచ్చు. రాత్రీపగలూ పలుకుతారు.

4. కమిషన్ అడిగేవాళ్లకి దూరంగా ఉండండి

ఈ సెటిల్మెంట్ నడిపిన లాయర్లు దరఖాస్తుదారుల దగ్గర ఫీజు తీసుకోకుండానే సాయం చేస్తారు. వచ్చిన దాంట్లో ఇంత శాతం అనేవాళ్లకి సంతకం పెట్టొద్దు.

5. మనిషి పోయి ఉంటే

2016 జులై 24 నాడు గానీ ఆ తర్వాత గానీ చనిపోయినవాళ్ల తరఫున వారసులు అడగవచ్చు.

6. పాత కేసు కాగితాలు

మొదట్లో చెప్పిన రెసిడెన్షియల్ స్కూల్ హింస విచారణకి వెళ్లినవాళ్లు ఈ తేదీ రాసిపెట్టుకోవాలి: 2027 సెప్టెంబర్ 19. వాళ్లు వద్దంటే తప్ప ఆ రోజున వాళ్ల వాంగ్మూలాలన్నీ నాశనం చేస్తారు. 2017లో సుప్రీంకోర్టు అలా తేల్చింది. ఈలోగా తమ కాపీ తెప్పించుకోవచ్చు, విన్నిపెగ్‌లోని నేషనల్ సెంటర్ ఫర్ ట్రూత్ అండ్ రికన్సిలియేషన్‌లో భద్రపరచమనవచ్చు, లేదా పోనీయమని ఊరుకోవచ్చు. ఏది చేయాలన్నది వాళ్లిష్టం. మనం తేదీ గుర్తుచేస్తే చాలు.