అబ్బాయి సెమినరీకి వెళ్తానంటే

పిల్లాడు సెమినరీలో చదివి గురువునవుతానని, అంటే క్యాథలిక్ చర్చి ఫాదర్‌నవుతానని ఇంట్లో అన్నాడంటే, ముందు ఆ మాట గుమ్మం దాటనివ్వకండి. మా నరసాపురం వైపు ఇలాంటి కబురు ఆదివారం పూజ అయ్యేలోపే విచారణంతా, అంటే మన చర్చి కిందున్న ఇళ్లన్నీ తిరిగేస్తుంది. ఇక వాడికి సొంత పేరుండదు, ఆటో అబ్బాయి దగ్గర్నుంచి అందరికీ "ఫాదర్‌గారే". మా పిన్నత్తగారైతే ఇంటర్ కుర్రాడికి దణ్ణం కూడా పెట్టేశారు! నవ్వులాటే గానీ, రేపు ఇది నా దారి కాదనిపిస్తే తిరిగొచ్చే మొహం ఉండదు వాడికి. మా ఇంట్లో వాడు ఇప్పటికీ చిన్నోడే.

ఎందుకనిపించిందో అడగండి, అడిగి ఊరుకోండి. నేను లేసు అల్లుకుంటూ అడిగాను. మన చూపు సూది మీదుంటే మగపిల్లలు మాట్లాడతారు, ఎదురుగా కూర్చోబెడితే నోరు మెదపరు. గోదావరి పొంగినప్పుడు లంకలో మంచానపడ్డ తాతకి అవస్థ అభ్యంగనం (జబ్బుపడ్డవాళ్లకి నూనె రాసి చేసే ప్రార్థన) ఇవ్వడానికి మా ఫాదర్‌గారు పడవ మీద వెళ్తే వీడూ వెంట వెళ్లాడట. నాకా సంగతే తెలీదు. పూజలో కట్టుకునే పట్టుబట్టలు చూసి ముచ్చటపడ్డాడేమో అనుకుంటున్న మా ఆయన ఆ తర్వాత ఆ మాట ఎత్తలేదు.

కంగారు పడాల్సిన పనీ లేదు. తత్వశాస్త్రం 2 ఏళ్లు, దైవశాస్త్రం 4 ఏళ్లు చదవాలని శ్రీసభ (క్యాథలిక్ చర్చి) చట్టమే చెబుతోంది. ముందు తొలిమెట్టుగా మైనర్ సెమినరీ, మధ్యలో చదువాపి పని నేర్చుకునే రీజెన్సీ, డిగ్రీ ఉంటే అదీ. మామూలుగా 25 నిండకుండా గురుపట్టం ఇవ్వరు. ఆలోచించుకోవడానికి వాడికీ, వాణ్ణి గమనించడానికి సెమినరీ వాళ్లకీ బోలెడు టైముంది.

ఎక్కడ చేరతాడో మాత్రం బాగా విచారించండి. మేత్రాసన (డయాసిస్) గురువైతే పీఠాధిపతికి, అంటే బిషప్‌గారికి విధేయత, బ్రహ్మచర్యం మాటిస్తాడు. మామూలుగా మన ఏలూరు మేత్రాసనంలోనే ఏదో ఒక విచారణలో ఉంటాడు. సలేసియన్లు, జేసుసభ (జెసూట్లు) లాంటి సన్యాస సభల్లో చేరితే సొంత ఆస్తి ఉంచుకోనన్న పేదరికం మాటపట్టు కూడా ఉంటుంది, ఏ రాష్ట్రానికైనా పంపుతారు. ఈ తేడా తెలీక "పండక్కి ఇంటికి రాడేంటి" అని తర్వాత ఏడ్చే తల్లులున్నారు.

కాగితాలు: జ్ఞానస్నానం (బాప్టిజం), భద్రమైన అభ్యంగనం (కన్ఫర్మేషన్) సర్టిఫికెట్లు, చర్చిలో మీ పెళ్లి రాసిన కాగితం, విచారణ గురువు ఉత్తరం. చర్చి రిజిస్టర్లో జోజి, టెన్త్ సర్టిఫికెట్లో రాజేష్ అని ఉండటం మనవాళ్లలో మామూలే. దాని సంగతి ముందే ఫాదర్‌గారికి చెప్పండి.

చుట్టాలు రెండు రకాలు. "ఒక్కగానొక్క కొడుకు, వంశం ఏమైపోను" అనేవాళ్లు కొందరు, "నిర్మలగిరి మాతకి మొక్కుకుని కన్నావు, పంపాల్సిందే" అనేవాళ్లు ఇంకొందరు. రెండో రకమే ప్రమాదం, భక్తి మాటకి ఎదురు చెప్పలేం కదా. ఎవర్నీ బలవంతాన గురువుని చేయకూడదు, యోగ్యుడైనవాణ్ణి ఆపనూ కూడదు అని శ్రీసభ చట్టం 1026లోనే ఉంది. నేను ఇద్దరికీ అదే చెప్పాను. అలాగే అక్క పెళ్లి అప్పు తీర్చి వెళ్లమని బేరం పెట్టకండి. అది మన అప్పు.

గురువులవ్వాలనుకునే పిల్లల కోసం వేసవిలో దైవపిలుపు శిబిరం పెడితే పంపండి. డిగ్రీ అప్లికేషన్ మాత్రం ఆపకండి, ఫీజు కట్టే ఆఖరు తేదీ కూడా రాసి పెట్టుకోండి.